నాలుగు గంటల బండి

జనవరి పద్దెనిమిది. శనివారం. సాయంత్రం 6:10.

అన్నం చల్లారిపోతోందని రెండుసార్లు కేకేసి, జవాబు రాక, కినూయె మేడ మీదికి వెళ్ళింది. భర్త నేల మీద పడి ఉన్నాడు. చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

6:14కి అంబులెన్సుకి ఫోన్ వెళ్ళింది. 6:55కి నుమాగావా పోలీస్ స్టేషన్ నుంచి ఇన్‌స్పెక్టర్ ఉత్సుమి వచ్చింది. నలభై ఏడేళ్ళ మనిషి. వెంట సార్జెంట్ హొబారా. ఇద్దరూ బూట్ల మీది మంచు దులుపుకుని లోపలికి అడుగుపెట్టారు.

చనిపోయినవాడు కువాబారా ఎయికిచి. డెబ్బై ఒక్కేళ్ళు. నుమాగావా కొండ లైనులో ముప్పై ఎనిమిదేళ్ళు రైలు నడిపాడు. పన్నెండేళ్ళ కిందట ఆ లైను ఎత్తేశారు. పట్టాలు పీకేశారు. మూడేళ్ళుగా ఎయికిచి ఆ లైనునే మేడ మీద, ఎనిమిది చాపలు పట్టే గదిలో, నూట యాభయ్యో వంతు సైజులో మళ్ళీ కడుతున్నాడు.

ఉత్సుమి గుమ్మంలో ఆగింది. నాలుగు గోడల వెంటా నడుం ఎత్తున చెక్కబల్ల. దాని మీద కొండలు, వాగు, సొరంగాలు, నాలుగు స్టేషన్లు. మధ్యలో ఒక చాపంత ఖాళీ. బండి నడిపేవాడు అక్కడ కూర్చోవాలి. అక్కడికి చేరాలంటే గుమ్మానికి అడ్డంగా ఉన్న వంతెన కింద నుంచి పాకాలి. అంబులెన్సువాళ్ళు స్ట్రెచర్ కోసం ఆ వంతెన బోల్టులు విప్పేశారు. విప్పినప్పుడు పక్క కొండ పగిలి, ప్లాస్టర్ ముక్కలు రాలాయి.

శవం ఆ ఖాళీలోనే ఉంది. ఉత్సుమి ముందు చేతులు జోడించింది. తర్వాతే చూడడం మొదలుపెట్టింది.

పక్కకి ఒరిగిన స్టూలు. కిరోసిన్ స్టవ్. స్టవ్ ఇనప అంచు మీద నెత్తురు, రెండు తెల్ల వెంట్రుకలు. కుడి చెవి వెనక గాయం. గోడ మీద సగం అతికించిన ఆకాశం కాగితం. స్టూలెక్కి మబ్బులు అతికిస్తూ జారాడన్నమాట.

అంతవరకూ సరే.

కాళ్ళు మాత్రం మోకాళ్ళ దాకా బల్ల కిందికి తోసి ఉన్నాయి. తల కింద కూర్చునే మెత్త ఉంది.

“హొబారా, తల పగిలి పడ్డవాడు తలకింద మెత్త పెట్టుకుంటాడా?”

“మా మామ తాగి పడ్డా మెత్త వెతుక్కుంటాడు మేడమ్. కానీ ఈయన పరిస్థితి అలా లేదు.”

“అంటే ఇంకెవరో పెట్టారు.”

“పెట్టి, ఫోన్ చెయ్యకుండా వెళ్ళిపోయారు.”

ఉత్సుమి మెత్తకేసి వంగి చూసింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో కత్తిపోట్లు చూసింది. కోపంలో చేసిన పనికి ఒక అర్థమైనా ఉంటుంది. తలకింద మెత్త పెట్టి వదిలేసి పోయిన ఈ చెయ్యి ఎలాంటిది?

పోలీస్ డాక్టర్ లేచి గ్లవ్స్ తీశాడు.

“దెబ్బ తగిలింది రెండున్నరకీ మూడింటికీ మధ్య. ప్రాణం పోయింది ఐదూ ఐదున్నరకి.”

“మధ్యలో?”

“బతికే ఉన్నాడు. స్పృహ లేదు. పెద్దగా గురక పెట్టి ఉంటాడు. తలలో నెత్తురు గడ్డకడితే అలాగే వస్తుంది.”

“అప్పుడు తీసుకొచ్చి ఉంటే?”

“నాలుగింటికి తెచ్చినా ప్రయత్నించేవాళ్ళం. బతికినవాళ్ళు ఉన్నారు.”

మెట్ల కింద నుంచి కేక వినిపించింది.

“అడగండి! ఆవిణ్ణే అడగండి! ఇంట్లో ఉన్నది ఆవిడేగా!”

ఎయికిచి చెల్లెలు తొమియె. కబురు విని వచ్చి, మెత్త సంగతి అంబులెన్సువాళ్ళ దగ్గర అప్పుడే తెలుసుకుంది. అడుగున హీటరు బిగించిన పొట్టి వేడిబల్ల దగ్గర కినూయె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

“నాలుగింటి నుంచి ఇంట్లోనే ఉందట! పైన మా అన్నయ్య గిలగిల్లాడుతుంటే కింద కూర్చుని టీవీలో కుస్తీ చూసిందట! తలకింద మెత్త పెట్టొచ్చి మరీ చూశావా వదినా?”

“నేను పెట్టలేదు.”

“మరి దయ్యం పెట్టిందా?”

హొబారా తొమియెని వంటింట్లోకి తీసుకెళ్ళాడు. ఉత్సుమి కినూయె ఎదురుగా కూర్చుంది.

“పిన్నిగారూ, పొద్దున్నించి చెప్పండి. తొందరేం లేదు.”

“పొద్దున్నే గొడవ పడ్డాం. నా పిండి జల్లెడ తీసుకుని రైలు కంకర జల్లించారు. కొత్త జల్లెడ. ‘ఇంట్లో నాకంటూ ఒక్క వస్తువైనా మిగులుస్తావా’ అన్నాను. ఆయన నవ్వారు. నవ్వినందుకు ఇంకా మండింది.”

“తర్వాత?”

“ఒంటిగంటకి గుడికి వెళ్ళాను. ఆదివారం పూజకి ఇత్తడి సామాను తోమాలి. నాలుగింటికి వచ్చాను. అప్పటికి పైన బండి నడుస్తోంది.”

“బండి నడుస్తోందా? సరిగ్గా విన్నారా?”

“మూడేళ్ళుగా నా నెత్తిమీదే కదమ్మా నడుస్తోంది. చక్రాల చప్పుడు, ఆగడం, మళ్ళీ కదలడం. మూడు నాలుగుసార్లు ఆగింది.”

“పిలిచారా?”

“‘టీ పెట్టాను, రండి’ అన్నాను. పలకలేదు. ఎప్పుడూ కొంప ఎగిరిపోయేట్టు అరిచే మనిషి, ఇవాళ నోరు కుట్టేసుకున్నారు. అలిగారనుకున్నాను. అలిగితే అలగనీ అని టీవీ సౌండ్ పెంచాను. నాలుగున్నర దాటాక బండి చప్పుడు ఆగింది. నేను పైకి వెళ్ళలేదు.” ఆమె మెట్లకేసి చూసింది. “వెళ్ళలేదమ్మా. ఎనిమిది మెట్లు. వెళ్ళలేదు.”

ఉత్సుమి నోట్‌బుక్‌లో రాసుకుంది. డాక్టరు లెక్క ప్రకారం నాలుగింటికి ఎయికిచి స్పృహలో లేడు. మరి బండి ఎవరు నడిపారు?

బయటికొచ్చాక హొబారా నసిగాడు. “మేడమ్, ఈవిడ అబద్ధమాడుతోందని స్టేషన్లో అందరూ అంటారు. బండి నడిచిందంటే ఆయన బాగానే ఉన్నాడనుకున్నానని చెప్పుకోవచ్చు. మెత్త ఈవిడే పెట్టి ఉంటే, ఆదుకోవలసిన మనిషిని వదిలేసిన నేరం. భార్య కాబట్టి జైలు తప్పదు.”

“ఇంకెవరూ రాలేదా?”

“మధ్యాహ్నం ముగ్గురు వచ్చారట, వాళ్ళే చెప్పారు. వెనక ఇనప మెట్లున్నాయి, నేరుగా మేడకి. చెక్కలు మోయడానికి ఎయికిచే వేయించుకున్నాడు. అటు నుంచి వస్తే ముందు గుమ్మంలో చెప్పులు కనబడవు. ఎవరొచ్చారో, ఎవరు పోయారో కింద తెలీదు. మెట్ల మీద అడుగుజాడలు చూద్దామంటే ఐదింటి నుంచి మంచు. అంతా పూడిపోయింది.”

* * *

ఆదివారం సాయంత్రం. శవం దగ్గర రాత్రి జాగారం మొదలయ్యే ముందు, అగరొత్తుల వాసన మధ్య, ఉత్సుమి గోడవార నిలబడింది.

రైలు నమూనాల క్లబ్బు వాళ్ళు ఏడుగురు వచ్చారు. నల్లసూట్లు. ఒక్కొక్కరూ అగరొత్తి వెలిగించి, దండం పెట్టి, ఆ వెంటనే గుసగుసల్లో పడ్డారు.

“ఆ పాత ఆవిరి ఇంజను చేతితో చేసింది. మార్కెట్లో దొరకదు.”

“ఆవిడకేం తెలుసు దాని విలువ? చెత్తలో పడేస్తుంది.”

“కర్మకాండ అయ్యేదాకా ఆగుదాం. ఇప్పుడే అడిగితే బాగుండదు.”

“ఆగితే వాడెవడో ముందు అడుగుతాడు.”

ఉత్సుమి తల పక్కకి తిప్పుకుంది. వీళ్ళూ పొద్దున లేచి ఇంటి పూజామందిరం ముందు గంట కొట్టేవాళ్ళే. దేవుడికి దండం పెట్టిన చేతులే చచ్చినవాడి అలమరలో పెడదామనుకుంటున్నాయి. ఆ రెండూ ఒకే చేతులెలా అయ్యాయి? ఆమెకి అర్థం కాలేదు.

క్లబ్బు ప్రెసిడెంట్ ఉబుకాటా ముందుకొచ్చాడు. పళ్ళ డాక్టరు. అరవై ఏళ్ళు. మెత్తటి గొంతు, తెల్లటి శుభ్రమైన వేళ్ళు. కినూయె ముందు వంగి ఓదార్పు మాట చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“వంతెన ఎవరు విప్పారండీ? నాలుగు బోల్టులు వరసగా విప్పితే కొండ పగిలేది కాదు. చూడలేక కళ్ళు తిప్పుకున్నాను.”



ఉత్సుమి అతన్ని పక్క గదికి పిలిచింది.

“నిన్న ఎన్నింటికి వచ్చారు?”

“ఒంటిగంటా పది. వెనక మెట్ల మీంచే.”

“వెళ్ళింది?”

“రెండున్నర. సొరంగం ముందు కంకరకి జిగురు పోస్తున్నాడు. బాగానే ఉన్నాడు.”

“రెండున్నరకే ఎందుకు వెళ్ళిపోయారు?”

“ఒక మాసపత్రిక పోటీ ఉంది. ఇలాంటి నమూనా లైను మీద బండి నడిచే వీడియో పంపాలి. శనివారం ఐదింటితో గడువు.”

“పంపారా?”

“మరి! ఇంటికెళ్ళి పంపాను. పాతది ఒకటి తీసి ఉంచాంలెండి.”

“పోటీకి ఎవరి పేరు మీద పంపారు?”

“ప్లాను నాది. కట్టింది అతను. సహాయం అని అతని పేరూ వేయించాను.”

ప్లాను ఎవరిదో ఉత్సుమికి తెలుసు. మేడ గది సొరుగులో పాత క్యాలెండర్ల వెనక గీసిన కాగితాలు నలభై దొరికాయి. అన్నీ ఎయికిచి చేతిరాతే. మలుపు ఎంత, ఎత్తు ఎంత. వాలు నూటికి మూడు దాటితే బండి ఎక్కదని అంచులో రాసుకున్నాడు. అసలు లైనులో పదకొండు స్టేషన్లు. గదిలో నాలుగే పడతాయి. ఏ ఏడు వదలాలో తేల్చుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. వదిలిన ఒక్కో పేరు పక్కన ఒక తేదీ ఉంది. ఆ రోజు ఆ ఊరికి వెళ్ళి, స్టేషనుండిన చోట తలవంచి వచ్చేవాడని కినూయె చెప్పింది. నమూనాలో గట్ల మీది ఎండుటాకులు కూడా ఆమె దాచిపెట్టిన టీ ఆకు పిప్పే. కడిగి, ఆరబెట్టి, రోజూ ఒక డబ్బాలో పోసి ఇచ్చేది. తిడుతూనే ఇచ్చేది.

అలాంటిదాన్ని ‘సహాయం’ అన్నాడు.

తర్వాత మినెగిషి వచ్చాడు. యాభై ఆరేళ్ళు. ఒకప్పుడు ఎయికిచి దగ్గర రైలు నడపడం నేర్చుకున్నాడు. లైను ఎత్తేశాక బస్సు నడుపుతున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“నిన్న?”

“రెండింటికి వచ్చాను. పావుగంట ఉన్నాను. గురువుగారు మబ్బులు అతికించాలన్నారు. స్టూలు నేను పట్టుకుంటానన్నాను. ‘డాక్టరు ఉన్నాడుగా, పో’ అన్నారు.”

“ఎక్కడికెళ్ళారు?”

అతను తలొంచుకున్నాడు. “జూదం మెషిన్ల హాలుకి. ఒక్కణ్ణే. సాక్ష్యం ఎవరూ లేరు. నా బతుకే అంత.”

“గురువుగారితో గొడవేమైనా?”

“ఆ హాలుకి వెళ్ళొద్దని తిట్టేవారు. అదే గొడవ.”

తొమియె జవాబులు మరీ పొట్టి. ఒకటిన్నరకి వచ్చింది. చూరుకి వేలాడదీసి ఎండబెట్టిన పళ్ళ దండ ఒకటి తీసుకుంది. అన్నయ్యని పలకరించి రెండింటికి ముందే వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. సాక్ష్యం లేదు.

“నన్నడుగుతారేం? లోపలున్న ఆవిణ్ణి వదిలేసి!”

“అందర్నీ అడుగుతున్నానండీ.”

“మంచిది. నలభై ఏళ్ళు మా అన్నయ్య మీద గొణిగింది. ఇప్పుడు గొణగడానికి మనిషి లేడు. సంతోషంగా ఉండమనండి.”

ఆ మాట పక్క గదిలోకి వినబడాలనే గట్టిగా అంది. వినబడింది కూడా.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళగానే ఉత్సుమి చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుంది. దీపం ముందు కూర్చుంది. మంత్రం నోటికి రాలేదు. కినూయె మాటలే వినిపించాయి. ఎప్పుడూ కొంప ఎగిరిపోయేట్టు అరిచే మనిషి.

అరిచేది ఏమని?

ఆమె లేచి హొబారాకి ఫోన్ చేసింది.

* * *

మంగళవారం. జనవరి ఇరవై ఒకటి. మధ్యాహ్నం 3:00. అంత్యక్రియలు ముందు రోజే అయిపోయాయి.

కింద గదిలో వేడిబల్ల చుట్టూ నలుగురిని కూర్చోబెట్టింది ఉత్సుమి. కినూయె, తొమియె, మినెగిషి, ఉబుకాటా. గోడ దగ్గర హొబారా.

“చిన్న పని. ఒక్కొక్కరూ పైకి వెళ్ళి బండి నడపాలి. వంతెన లేకపోయినా రెండు స్టేషన్ల మధ్య నడుస్తుంది. నాలుగుసార్లు ఆపి, నాలుగుసార్లు కదిలించండి. అంతే. కింద మేము వింటాం.”

“ఇదేం ఆట?” అంది తొమియె. “ఇంట్లో చావు జరిగి మూడు రోజులు కాలేదు, పిల్లల బొమ్మలతో ఆడుకోమంటారా?”

“ముందు మీరే వెళ్ళండి.”

హొబారా ఆమెని తీసుకెళ్ళాడు. ఐదు నిమిషాలు గడిచాయి. పైన ఏ చప్పుడూ లేదు. ఒకసారి ఏదో గీరుకున్నట్టు వినిపించి ఆగిపోయింది. తొమియె ఎర్రబడ్డ మొహంతో దిగింది.

“నాకెలా తెలుస్తుంది? ఆ పెట్టె మీద ఇరవై మీటలున్నాయి!”

“మినెగిషిగారూ.”

అతను వెళ్ళాడు. నిమిషం తర్వాత పైకప్పులోంచి గొంతు ఖంగుమంది.

“స్టార్టరు పచ్చ! బయలుదేరు!”

చక్రాల చప్పుడు. ఆగింది. మళ్ళీ గొంతు.

“స్టార్టరు పచ్చ! బయలుదేరు!”

నాలుగుసార్లూ అరిచాడు. దిగి వచ్చాక చేతికేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

“అరవమని నేను చెప్పలేదే?” అంది ఉత్సుమి.

“అరిచానా? ...ఏమో మేడమ్. చెయ్యి దానంతటదే లేచింది. స్టార్టరు, అంటే బయలుదేరే సిగ్నలు, వేలితో చూపించి, నోటితో చెప్పకుండా బండి కదిలించకూడదు. మొదటి రోజే గురువుగారు చెంప మీద కొట్టి నేర్పించారు. బస్సులో కూడా అరుస్తాను. స్కూలు పిల్లలు నవ్వుతారు.”

“ఉబుకాటాగారూ.”

డాక్టరు చిన్నగా నవ్వి లేచాడు. సూటు మడతలు సరిచేసుకుని పైకి వెళ్ళాడు.

బండి కదిలింది. ఎంత మెత్తగా కదిలిందో! ఒక్క కుదుపు లేదు. ఆగింది. మళ్ళీ కదిలింది. ఆగింది. కదిలింది.

మాట మాత్రం లేదు.

మూడోసారి బండి కదిలేసరికి కినూయె మొహం పాలిపోయింది. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

“ఇదే...” అంది. “శనివారం ఇదే. ఇలాగే.”

ఉబుకాటా దిగి వచ్చాడు. “కొండ పగిలినా పట్టాలు కదల్లేదు. అదృష్టం. ఎలా ఉంది? స్టేషన్ గీత మీద సరిగ్గా ఆపాను, సెకను తేడా లేదు.”

“చాలా బాగుంది. కూర్చోండి.”

ఉత్సుమి నోట్‌బుక్ తెరవలేదు.

“శనివారం నాలుగింటికి బండి నడిచిందని పిన్నిగారు చెప్పారు. ఎవరూ నమ్మలేదు. ఆయన బతికే ఉన్నాడని చూపించడానికి అల్లిన మాట అన్నారు. నేనూ ఒక రాత్రంతా ఆలోచించాను. అబద్ధం అల్లే మనిషైతే ఏమనాలి? భర్త కేక విన్నానని అనాలి. ప్రతి స్టేషన్లోనూ అరిచే మనిషి ఆయన. ఆ కేక విన్నానంటే అందరూ నమ్ముతారు. కానీ ఈవిడ అరుపు వినబడలేదని చెప్పారు. తనకే చెరుపు చేసే మాట. అల్లినవాళ్ళు అలా చెప్పరు.”

ఉత్సుమి మేడకేసి వేలు చూపించింది.

“బండి నడిచింది నిజం. నడిపింది కువాబారాగారు కాదు. అరవకుండా బండి కదిలించడం రైలు నడిపినవాడి వల్ల కాదు. మినెగిషిగారి గొంతు మీరంతా విన్నారు. తొమియెగారికి ఆ పెట్టె ముట్టుకోవడమే రాదు. ఇంక మిగిలింది, రైళ్ళు కొని దాచుకున్నవాడే తప్ప ఒక్కరోజు కూడా రైలు నడపనివాడు.”

ఉబుకాటా వేళ్ళు రుమాలుతో తుడుచుకున్నాడు.

“ఇది సాక్ష్యమా ఇన్‌స్పెక్టర్‌గారూ? అరవలేదని అరెస్టు చేస్తారా?”

“చెయ్యను. మీరు పత్రికకి పంపిన వీడియో తెప్పించాను. శనివారం 4:52కి చేరింది. పాతది అన్నారు. అందులో సొరంగం ముందు కంకర ఇంకా తడి. జిగురు పాలలా తెల్లగా ఉంది. ఆ కంకరకి ఆయన శనివారం మధ్యాహ్నం జిగురు పోశారని మీరే చెప్పారు. ఆరితే తెలుపు పోతుంది. మీకు నేను చెప్పాలా?”

అతను రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఇంకొకటి. వీడియోకి సంగీతం అతికించారు. రైలు పిచ్చి ఉన్నవాడు చక్రాల చప్పుడు తీసేస్తాడా? ఏం వినబడకూడదని తీసేశారు?”

హొబారా ముందుకొచ్చాడు. “మీ ఇంటికి పొద్దున కోర్టు వారంటుతో మావాళ్ళు వెళ్ళారు డాక్టరుగారూ. కెమెరా దొరికింది. అసలు రికార్డు చెరపలేదు మీరు.”

“ఎలా చెరుపుతాను?” ఉబుకాటా గొంతు మొదటిసారి పైకి లేచింది. “ఒక్కసారీ పట్టాలు తప్పకుండా ఇరవై ఆరు నిమిషాలు! అలాంటి రన్ మళ్ళీ రాదు!”



ఆ రికార్డు ఉత్సుమి ఆ పొద్దున ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా వింది. మూడు నలభై ఎనిమిది నుంచి నాలుగూ పద్నాలుగు దాకా. బండి చప్పుడు. దాని కింద గురక. లోతుగా, బరువుగా, ఆగి ఆగి. మధ్యలో కింద నుంచి ఆడగొంతు. టీ పెట్టాను, రండి. ఆ తర్వాత గురక కొంచెం అణిగి, దూరంగా. ఏదో మెత్తటిది దగ్గర పెట్టినట్టు. విన్నాక ఆమె ఇయర్‌ఫోన్లు తీసి, వెళ్ళి మళ్ళీ చేతులు కడుక్కుంది.

“తోశారా ఆయన్ని?”

“లేదు! తనే జారాడు. నేను ముట్టుకోలేదు.”

“ముట్టుకున్నారు. కాళ్ళు బల్ల కిందికి తోశారు.”

“ఫ్రేములోకి వస్తున్నాయి.”

“మెత్త?”

“తలకింద పెట్టాను. సుఖంగా ఉంటుందని...”

“నోటి దగ్గరికి జరిపారు. ఎందుకు?”

“మూసెయ్యలేదు! పక్కన పెట్టానంతే, రికార్డయ్యాక మళ్ళీ తలకిందికి తోశాను. చప్పుడు మైకులో పడుతోంది. నిద్రపోతున్నాడనుకున్నాను. గురక పెట్టేవాడు చస్తాడా?”

“మీరు డాక్టరు.”

“పళ్ళకి!”

“ఫోన్ జేబులోనే ఉంది.”

“ఇన్‌స్పెక్టర్‌గారూ, మీరు అర్థం చేసుకోవాలి. జిగురు ఆరలేదు. అంబులెన్సువాళ్ళు వస్తే వంతెన విప్పాలి. విప్పితే కంకర జారిపోతుంది, కొండ పగులుతుంది. కెమెరా, లైట్లు సర్దేసరికే మూడూముక్కాలు అయింది, ఐదింటికి గడువు. ఒక్క గంట. ఒక్క గంట ఆగితే...”

“ఆగారు.”

“చివరి దాకా ఉన్నాను. మళ్ళీ రెండుసార్లు నడిపి చూశాను. నాలుగూ ముప్పై ఐదుకి వెళ్ళిపోయాను. అప్పుడూ గురక పెడుతూనే ఉన్నాడు. భార్య కింద ఉంది కదా, చూసుకుంటుందనుకున్నాను.”

మినెగిషి ఒక్క ఉదుటున లేచాడు. హొబారా అతని భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

“వద్దండీ. మీ చేతికి మురికి అంటుకుంటుంది.”

ఉత్సుమి ఉబుకాటా చేతులకేసి చూసింది. గోళ్ళ సందున కూడా మురికి లేదు. ఎన్ని పాపపు చేతులకి బేడీలు వేసిందో లెక్కలేదు. ఇంత శుభ్రమైన చేతుల్ని తాకడానికి ఎప్పుడూ ఇంత అసహ్యం వెయ్యలేదు.

“తలకింద మెత్త పెట్టి ఆదుకోవలసిన బాధ్యత చేతులారా నెత్తిన వేసుకుని, ఆ మనిషిని వదిలేసి, అతని చావుకి కారణమైనందుకు మిమ్మల్ని అరెస్టు చేస్తున్నాను. 3:41.”

గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ అతను వెనక్కి తిరిగాడు.

“పై గదిలో స్టవ్ పెట్టొద్దని చెప్పండి. వేడికి పట్టాలు సాగుతాయి.”

హొబారా నోరు జారకుండా పళ్ళు బిగించి, అతన్ని జీపు ఎక్కించాడు.

* * *

తొమియె వంటింటి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు.

“అయితే ఆయన నా మీద అలగలేదన్నమాట,” అంది కినూయె.

“లేదు పిన్నిగారూ.”

“నేను పిలిచింది వినబడిందా ఆయనకి?”

“స్పృహ లేదు. వినబడి ఉండదు.”

కినూయె తలెత్తి నేరుగా ఉత్సుమి కళ్ళల్లోకి చూసింది.

“ఒకటి అడుగుతాను. పోలీసు మాటలు చెప్పకండి. ఆ ఎనిమిది మెట్లు ఎక్కి ఉంటే బతికేవారా?”

ఉత్సుమికి అబద్ధం నోటి చివర సిద్ధంగా ఉంది. లేదండీ, అప్పటికే అయిపోయింది. ఎంత తేలిక! ఆ మాట చెప్తే పుణ్యమే వస్తుందేమో కూడా. కానీ మూడు రోజులుగా ఈ ఇంట్లో తేలికైన మాటలే విన్నది. అన్నీ మెత్తగా, శుభ్రంగా, ఒక మనిషిని పక్కకి తోసేసే మాటలు.

“బతికేవారేమో,” అంది. “డాక్టరు కాదనలేదు.”

కినూయె తల ఊపింది. ఒకసారి. రెండుసార్లు.

“శనివారం నుంచి ఈ తొమియె నువ్వే చంపావంది. వీధిలోవాళ్ళు పాపం నీ తప్పేం లేదన్నారు. రెండూ కాదని నాకు తెలుసు. ఎవరితో చెప్పుకోను?” ఆమె పైకప్పుకేసి చూసింది. “కోపంతో కూర్చుండిపోయాను. అంతే చేశాను. దానికి ఇంత శిక్షా అమ్మా?”

ఆ ప్రశ్న ఉత్సుమి కూడా రోజూ దీపం ముందు అడుగుతుంది, వేరే ఇళ్ళ గురించి. జవాబు ఎప్పుడూ రాలేదు.

ఆమె పక్కకి జరిగి కూర్చుని, కినూయె వీపు మీద చెయ్యి వేసింది.

అప్పుడు ఏడ్చింది కినూయె. మూడు రోజుల నుంచి గడ్డకట్టినదంతా ఒక్కసారి కరిగినట్టు, పసిపిల్లలా, గొంతెత్తి ఏడ్చింది. తొమియె వంటింటి గుమ్మం దాటి వచ్చి, వదినకి ఎదురుగా మోకాళ్ళ మీద కూలబడి, నుదురు నేలకి ఆనించింది. ఆమెని ఎవరూ లేవమనలేదు. కినూయెని ఎవరూ ఊరుకోమనలేదు.